ఆగండిగారి కరెంటు కారు

మా బావని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎక్కడో ఒకచోట ఆయన మీద జాలి పుట్టిస్తానేమోనని ఎవరూ ఎదురుచూడక్కర్లేదు.

బళ్ళ రిజిస్ట్రేషన్ ఆఫీసులో రోడ్డు పన్ను కట్టించుకునే కిటికీ దగ్గర కూర్చునే మనిషి ఆయన. కిటికీకి మందపాటి అద్దం, అద్దం అడుగున కాగితాలు తోయడానికి చెయ్యి పట్టేంత ఖాళీ, మాట వినపడటానికి మధ్యలో గుండ్రంగా చిల్లులు. కాగితాలు లోపలికి తోసినవాళ్ళకి ఆయన తలెత్తకుండా చెప్పే మాట ఒక్కటే: "ఆగండి." బండి కొన్నవాడైనా, అమ్మినవాడైనా, చంకలో పసిపిల్ల ఏడుస్తున్న తల్లైనా అదే మాట. పోనీ అలా అన్నాక ఏదైనా రాచకార్యం వెలగబెడతాడా అంటే అదీ లేదు. రబ్బరు ముద్రని సిరా మెత్త మీద అద్దుతాడు, ఎత్తి చూసుకుంటాడు, మళ్ళీ అద్దుతాడు. ఆఫీసులో బంట్రోతు దగ్గర్నుంచి పై అధికారి దాకా ఆయన్ని ఆగండిగారనే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. లైసెన్సుల పని మీద ఆ ఆఫీసుకి నా కాళ్ళరిగిపోయేలా తిరుగుతాను కాబట్టి, ఆయన్ని మా అక్క చూసినదానికంటే ఎక్కువగా నేనే చూసి ఉంటాను. నేను వరసలో నిలబడితే మరదలినని కూడా చూడడు. "ఆగండి" అనేస్తాడు. ఇంట్లో నన్ను ఏమే, ఒసే అని పిలిచే మనిషి అద్దం వెనక్కి వెళ్ళగానే మర్యాద నేర్చుకుంటాడు.

ఆయన్ని పిసినారి అనుకుంటే మాత్రం పొరపాటు. చెప్పులు మంచివి కొంటాడు. ఇంటికి ఎవరొచ్చినా టీ ఇవ్వకుండా పంపడు. అక్కకి జ్వరమొస్తే పెద్ద డాక్టరు దగ్గరికే తీసుకెళ్తాడు. ఆయన జబ్బు వేరే. రాయితీ అందుకోలేకపోయినవాళ్ళు అరిచేది, ఏడ్చేది ఆ కిటికీ ముందే. ఏళ్ళ తరబడి వాళ్ళ మొహాలు చూసీ చూసీ, అలాంటి మొహం తనకి రాకూడదన్న భయం ఆయన ఎముకల్లోకి పాకిపోయింది. అందులోనూ బేకరీ ఆయన కథ ఒకటుంది. అది వినని చుట్టం లేడు.

"పాపం, సాయంత్రం కిటికీ మూసే టైముకి పరిగెత్తుకుంటూ వచ్చాడు," అని మొదలుపెడతాడు బావ, కుర్చీలో ముందుకి జరిగి. "కొత్త కరెంటు కారు. పూర్తి పన్ను కట్టేశాడు. నేను ఆగండి అన్నాను. విన్నాడా? రేపు మంచిరోజు కాదు, ఇవాళే కట్టేస్తానన్నాడు. తెల్లారి పేపర్లో ఏముంది? కరెంటు కార్లకి పన్ను సగం మాఫీ! వచ్చి అద్దం మీద తల బాదుకున్నాడు. అద్దం మీద పిండి మరక కూడా పడింది."

ఆ పిండి మరక దగ్గరికి రాగానే ఆయన కళ్ళు మెరుస్తాయి. ఆయన అందరికీ ఆగండి అంటాడు కాబట్టి ఆ బేకరీ ఆయనకీ అన్నాడంతే. ఆ ముక్క చెప్పడు. పైగా జోస్యం చెప్పినవాడిలా మీసం దువ్వుకుంటాడు.

ఇక మా అక్క. స్కూలు పిల్లలకి, ఆస్పత్రి సిబ్బందికి యూనిఫారాలు కుట్టే పెద్ద దుకాణంలో బట్ట కత్తిరించేది. ఇరవై పొరల బట్ట ఒకదానిమీద ఒకటి పరిచి, సుద్దతో గీసి, బరువైన కత్తెరతో ఒక్క ఊపులో కోసేది. గీత తప్పడమన్నది ఎరగదు. దుకాణం ఊరికి అటు చివర, ఇల్లు ఇటు చివర. మధ్యలో రైలు పట్టాలు. పట్టాల మీదుగా కొత్త వంతెన కట్టారుగానీ దాని మీదికి బస్సుల్ని రానివ్వరు. బస్సులన్నీ కింద గేటు దగ్గర పడిగాపులు కాయాలి. అక్క రోజూ బస్సు కిటికీలోంచి పైకి చూసేది. వంతెన మీద కార్లు నున్నగా పైకెక్కి, నున్నగా దిగిపోతుండేవి.

"ఒక్కసారి నేనే నడుపుకుంటూ దానిమీంచి పనికెళ్ళాలే," అనేది నాతో.

అందుకే నా దగ్గర కారు నేర్చుకుంది. నలభై దాటాక నేర్చుకునేవాళ్ళు సాధారణంగా నా ప్రాణం తీస్తారు. క్లచ్ మీద ఎక్కి నిలబడతారు, ఎదురుగా కుక్క కనిపిస్తే స్టీరింగ్ వదిలేసి కళ్ళు మూసుకుంటారు. అక్క అలా కాదు. బట్ట కోసినట్టే నడిపింది, గీత గీసుకుని, తిన్నగా. లైసెన్సు మొదటిసారికే వచ్చింది. మా స్కూల్లో నేను గర్వంగా చెప్పుకునే శిష్యురాలు ఆవిడే.

లైసెన్సు వచ్చిన కొద్దిరోజులకే అక్క గుమ్మాలు గుద్దుకోవడం మొదలైంది. పక్కన ఉన్న గ్లాసుకి చెయ్యి తగిలి పడిపోయేది. పరధ్యానం అనుకున్నాం. కంటి డాక్టరమ్మ చీకటి గదిలో కూర్చోబెట్టి పరీక్షలన్నీ చేసి, లైటు వేసి, మొహమాటం లేకుండా చెప్పేసింది.

"మీ చూపు పక్కల నుంచి తగ్గిపోతోంది. ఎదురుగా బాగానే కనిపిస్తుంది. కానీ ఆ కనిపించే మేర చుట్టూ రోజురోజుకీ మూసుకొస్తుంది. దీనికి మందు లేదు."

"కారు నడపొచ్చా?" అని అడిగింది అక్క. మొట్టమొదట అడిగింది అదే.

"ఇప్పుడైతే పగటిపూట నడపొచ్చు. ఎప్పటికప్పుడు పరీక్షకి రండి. నేను వద్దన్నరోజు మానెయ్యాలి."

"ఆ రోజు ఎప్పుడొస్తుంది?"

"చెప్పలేనమ్మా. రెండేళ్ళు కావచ్చు. అంతకంటే ముందే రావచ్చు. చెయ్యాలనుకున్నవి ఏవైనా ఉంటే వాయిదా వెయ్యకండి."

వాయిదా వెయ్యకండి అన్న మాట బావ చెవిన కూడా పడింది. పక్కనే కూర్చున్నాడు మహానుభావుడు. తల కూడా ఊపాడు.

ఇంటికి రాగానే అక్క కట్టుకున్న మొగుణ్ణి మొదటిసారిగా ఒక కోరిక కోరింది. అప్పటికి వాళ్ళకి ఒక పాత పెట్రోలు కారుంది. దాన్ని బావ ఆఫీసుకి తీసుకెళ్ళేవాడు. ఆయన ఆఫీసేమో ఇంటికి రెండు వీధుల అవతల.

"ఏవండీ, ఆ కారు నాకివ్వండి. మీరు నడిచెళ్ళినా సరిపోతుంది కదా."

"పాతదెందుకే నీకు? కరెంటు కారు కొందాం. గేర్లుండవు, మోతుండదు. సబ్సిడీ ఇస్తున్నారు. నీకు కొత్తదే కొంటాను," అన్నాడు.

అక్క మొహం చూడాలి అప్పుడు. నాకే ఒక్క క్షణం ఆ మనిషి మంచివాడేమో అనిపించింది. ఆ క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

షోరూముకి వెళ్ళాం ముగ్గురం. అక్కడ మెడకి టై బిగించుకున్న కుర్రాడు ఒకడు, తలుపు తెరిస్తే నవ్వుతాడు, తలుపు మూస్తే నవ్వుతాడు. బావ వాణ్ణి పట్టుకుని వాయించేశాడు. బ్యాటరీ గ్యారంటీ ఎన్నాళ్ళు, ఛార్జింగ్ ఎంతసేపు, సబ్సిడీ కంపెనీ తగ్గిస్తుందా లేక మన ఖాతాలో వేస్తారా, అన్నీ అడిగాడు. వాడికి చెమటలు పట్టాయి. అక్క లేత నీలం కారు చుట్టూ తిరిగి, డ్రైవరు సీటు మీద చెయ్యి వేసి నిలబడింది.

"బుక్ చేసేద్దామా సార్?"

"ఆగండి," అన్నాడు బావ. "ఇప్పుడు సబ్సిడీ ఉంది సరే, రోడ్డు పన్ను ఇంకా సగం పడుతోంది. వచ్చే బడ్జెట్లో పన్ను కూడా తీసేస్తారు. మా ఆఫీసులో గుసగుసలున్నాయి."

ఆ గుసగుస ఏమిటో నాకు తెలుసు. టీ తాగేటప్పుడు బంట్రోతు ఒక మాట అంటాడు, మా బావ దాన్ని జేబులో వేసుకుని ప్రభుత్వ రహస్యంలా ఇంటికి తెచ్చుకుంటాడు.

కారు కొనలేదుగానీ ఛార్జింగ్ పెట్టె మాత్రం గోడకి బిగించేశాడు. ఆ పెట్టె మీద వేరే రాయితీ ఉందట, అది మురిగిపోతుందట. కింద బళ్ళు పెట్టుకునే చోట, మా వాళ్ళ గోడకి, పచ్చలైటు మిణుకుమిణుకుమంటూ ఒక పెట్టె వేలాడింది. దాని కింద ఖాళీ స్థలం. ఆ స్థలంలో పై అంతస్తులో ఉండే లెక్కల మాస్టారు తన సైకిలు ఆనించేవాడు.

బడ్జెట్ వచ్చింది. రోడ్డు పన్ను నిజంగానే తీసేశారు. ఆ పూట మా బావ ఇంట్లో నడిచిన నడక చూడాలి, ఆర్థికమంత్రి ఈయన్ని అడిగే సంతకం పెట్టినట్టు. ఒక్క చిక్కు. వచ్చే నెల నుంచి సబ్సిడీ సగానికి తగ్గిస్తామని అదే బడ్జెట్లో చెప్పారు. అంటే ఆ నెలరోజులూ పన్నూ లేదు, సబ్సిడీ పూర్తిగానూ ఉంది. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది, కొంటే అప్పుడే కొనాలి.

లెక్కల మాస్టారు పరిగెత్తుకుంటూ వచ్చి మా బావ సలహా అడిగాడు.

"కళ్ళుమూసుకుని కొనెయ్యండి మాస్టారూ! ఇంతకంటే మంచి టైము రాదు," అన్నాడు మా బావ. మాస్టారు కొనేశాడు. మా వాళ్ళ పెట్టె దగ్గరే ఛార్జింగ్ పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"మరి మనం?" అంది అక్క.

"ఆగు. పాత బళ్ళు తుక్కుకిచ్చినవాళ్ళకి అదనంగా ఇంకో రాయితీ వస్తోంది. సబ్సిడీ సగం పోయినా ఇది కలిస్తే మనకే లాభం. మాస్టారికి పాత బండి లేదు కాబట్టి కొన్నాడు. మనకుంది. మనం ఆయన్లా తొందరపడితే ఎలా?"

అర్థమైందా? మా బావకి మాస్టారు కట్టిన ధరకే కారు వస్తే చాలదు. మాస్టారి కంటే ఒక్క పైసా తక్కువకి రావాలి. లేకపోతే ఆ ఒక్క పైసా అద్దం మీద తల బాదుకునే మనిషిని చేసేస్తుంది ఆయన్ని.

నేను అక్కని స్కూలు కారులో తిప్పుతానన్నాను. మా స్కూలు కార్లకి నా వైపు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. ఎవరు నడుపుతున్నా పక్కన నేనుండాల్సిందే, అది మా యజమాని పెట్టిన షరతు. "వంతెన మీంచి తీసుకెళ్తాను రా," అన్నాను.

"వద్దులే. నీ కాలు బ్రేకు మీద ఉన్నంతసేపూ నేను నడిపినట్టు కాదే," అంది.

నిజం చెప్పొద్దూ, అక్క మీద కూడా నాకు అంత కోపమూ ఉంది. నీ జీతం నీదే కదా, చిన్న పాత కారు ఏదైనా కొనుక్కోవే అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. డిపాజిట్లన్నీ ఇద్దరి పేరుమీదా ఉన్నాయంది. సంతకం పెట్టమని నిలదియ్యమన్నాను. "ఇంట్లో గొడవెందుకు, ఆయన మాత్రం నాకోసమే కదా చూస్తున్నారు," అంది. ఈ ఇంట్లో గొడవెందుకు అనే మాటని కనిపెట్టినవాడెవడో దొరికితే నా కారు బ్రేకులు తీసేసి అందులో కూర్చోబెడతాను.

తుక్కు రాయితీ ప్రకటించగానే ఒక ఆదివారం పొద్దున్న క్రేను వచ్చింది. నేను అక్కావాళ్ళింట్లోనే ఉన్నాను. పాత పెట్రోలు కారు ముందు చక్రాలెత్తి కట్టేశారు. ఆ కారుకి ఏ రోగమూ లేదు. తాళం తిప్పితే పలికేది. "కొత్తది వచ్చాక ఇవ్వొచ్చు కదండీ, అప్పటిదాకా నేను నడుపుకుంటాను," అంది అక్క, రోడ్డు మీద నిలబడి.

"అలా కుదరదే. ముందు తుక్కుకి ఇచ్చినట్టు సర్టిఫికెట్ ఉండాలి, ఆ తర్వాతే కొత్త బండి. రూల్సు నాకు తెలియవా?"

క్రేను వీధి మలుపు తిరిగేదాకా అక్క చూస్తూ నిలబడింది. మలుపు తిరగడానికి కొంచెం ముందే తల పక్కకి తిప్పి వెతుక్కుంది. దాని చూపు అప్పటికే అంత ఇరుకైపోయింది. ఆయనగారు మాత్రం తుక్కు సర్టిఫికెట్‌ని బీరువాలో దాచడానికి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక కొనాలి కదా? కొనలేదు. ఎక్కువ దూరం పోయే బ్యాటరీతో కొత్త మోడల్ వస్తోందన్నారు, ఆగాడు. అది వచ్చాక పాత మోడల్ ధర పడుతుందన్నారు, ఆగాడు. ధర పడేసరికి సబ్సిడీ మొత్తానికే ఎత్తేశారు. రోడ్డు పన్ను మినహాయింపు కూడా ఫలానా తేదీతో ఆఖరు అన్నారు. ఆ ఆఖరు వారమంతా ఆఫీసులో ఆయన కిటికీ ముందు జనం కిటకిటలాడారు. అందరి కాగితాల మీదా ముద్ర వేసింది ఈయనే. నేనూ అదే వరసలో నిలబడి, నా వంతు రాగానే చిల్లుల దగ్గర నోరు పెట్టి అరిచాను.

"బావా! లేచి రండి! షోరూము తెరిచే ఉంది, ఇవాళ కొన్నా పన్ను తప్పుతుంది!"

తలెత్తలేదు. "ఆగండి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పిచ్చిదానా, ఎన్నికలొస్తున్నాయి. ఎత్తేసినవన్నీ మళ్ళీ ఇస్తారు. వీళ్ళంతా తొందరపడుతున్న గొర్రెలు," అన్నాడు. నా వెనక నిలబడ్డ గొర్రెలు ముద్రలు వేయించుకుని, నవ్వుకుంటూ, కొత్త కార్లలో ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఎన్నికలొచ్చాయి, పోయాయి. ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తుక్కు సర్టిఫికెట్‌కి గడువు దాటిపోయింది.

ఒకరోజు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే అక్క మా స్కూలుకి వచ్చింది. మేము పరీక్షలకి వాడే ఖాళీ మైదానంలో కారు నడపాలంది. అక్కడ ప్లాస్టిక్ కోన్‌లు రెండు వరసల్లో పెట్టి ఉంటాయి. వాటి మధ్యనుంచి తగలకుండా వెళ్ళాలి. మొదటిసారి నేర్చుకునేటప్పుడు అక్క కళ్ళకి గంతలు కట్టినా వెళ్ళేలా వెళ్ళేది.

సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. "నీ కాళ్ళు పైకి ముడుచుకో," అంది.

"ఎందుకే?"

"ముడుచుకో అంటున్నానా. ఇవాళ నువ్వు బ్రేకు తొక్కకూడదు."

మా యజమాని చూస్తే ఉద్యోగం ఊడుతుంది. అయినా చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. అక్క మెల్లగా కదిలించింది. ముందుకి తిన్నగా చూస్తూ, వీపు నిటారుగా పెట్టి నడిపింది. ఎంత బాగా నడిపిందో! గేరు మార్చినట్టు కూడా తెలియలేదు. ఎడమ వైపు మొదటి కోన్ పడింది. దానికి తెలియలేదు. రెండోది పడింది, చక్రం కింద నలిగింది. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను. కుడివైపువి కూడా రెండు పడ్డాయి. మైదానం చివర కారు ఆపి, ఇంజను కట్టేసి, నా వైపు మొత్తం తిరిగింది. పక్కచూపుకి నేను కనిపించనని అప్పుడర్థమైంది నాకు.

"ఏమైనా తగిలాయా?"

"లేదక్కా."

"అబద్ధం చెప్పకే."

నాకు ఏడుపొచ్చేసింది. అదే నా భుజం తట్టింది. తర్వాత తాళం తీసి నా చేతిలో పెట్టి, కారు మీద చెయ్యి ఆనించుకుంటూ ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి, నా వైపు తలుపు తెరిచి, "జరుగు," అంది. డాక్టరమ్మ వద్దనే పని లేకుండా తనే మానేసింది.

ఆ తర్వాత దుకాణంలో కత్తెర కూడా వదిలేసింది. ఇరవై పొరల బట్ట అంచు దానికి కనిపించడం లేదు. కళ్ళెదుట ఉన్నంత మేర కనిపిస్తుంది కాబట్టి గుండీలు కుట్టే బల్ల దగ్గర కూర్చుంది. ఒక గుండీ, ఒక సూది, అంతే దాని లోకం. పనికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు బస్సులో నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు అక్క పైకి చూడటం మానేసింది.

పెద్దాస్పత్రిలో పరీక్షించి, చూపు ఇంత శాతం లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని తీసుకుని బావ ఇంటికి వచ్చిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఆయన మొహం వెలిగిపోతోంది. అంత వెలుగు ఆ మొహంలో వాళ్ళ పెళ్ళినాడు కూడా చూసిన గుర్తులేదు. చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చాడు.

"చెప్పానా, ఆగమని? చెప్పానా లేదా?" అన్నాడు. "దివ్యాంగుల కోటాలో కారు కొంటే రోడ్డు పన్ను పూర్తిగా మాఫీ! దీనికి గడువు లేదు, ఎవడూ ఎత్తెయ్యడు. కారు ధరలో కూడా పన్ను తగ్గింపు ఉంది. మొత్తం కలిపితే ఎంతో తెలుసా? మాస్టారి కంటే మనకే చవక! మాస్టారి కంటే!"

గోడకి ఆనుకుని కూర్చుని ఉన్న అక్క చేతిలో గుండీలు కుట్టే చొక్కా ఉంది. సూది ఆగింది. నాకైతే ఒకప్పుడు ఆ చేతిలో ఉండే కత్తెర ఎక్కడుందో వెతకాలనిపించింది. మనిషి ఇంత నీచంగా కూడా ఉండగలడా? నీచం అని తెలిస్తే మానేస్తాడేమో, అది ఆయనకి తెలియనే తెలియదు. మాకోసం యుద్ధం గెలుచుకొచ్చినవాడిలా నిలబడి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు.

"కారు ఎవరి పేరు మీద ఉంటుంది?" అని అడిగింది అక్క.

"నీ పేరు మీదే. నీ పేరు మీదుంటేనే కదా మాఫీ."

"అమ్ముకోవచ్చా?"

"కొన్నేళ్ళదాకా అమ్మకూడదు. అమ్మితే మాఫీ అయిన పన్నంతా వెనక్కి కట్టాలి."

"సరే," అంది. "కొనండి."

నాకు అక్క మీద కోపం తన్నుకొచ్చింది. అప్పటికి నాకేం తెలుసు?

అదే షోరూము, అదే టై కుర్రాడు, కాస్త లావయ్యాడు. లేత నీలం కారు. తాళం అక్క చేతికి ఇస్తూ, "ఓనరు మీరే మేడం," అని నవ్వాడు. అక్క తలుపు తడిమి తెరుచుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. నన్ను పక్కన కూర్చోమంది. స్టీరింగ్ చుట్టూ రెండు చేతులూ పోనిచ్చింది. కాళ్ళతో కింద వెతికింది.

"క్లచ్ ఏదే?"

"ఉండదక్కా."

"గేరు?"

"అదీ లేదు. కుడికాలితో తొక్కడమే. పోతుంది."

"ఇంత సులువా," అంది. చాలాసేపు అలాగే కూర్చుంది.

బావ బయట అద్దం మీద వేలితో కొట్టాడు. "దిగు, దిగు, నేను నడుపుతాను. తాళం ఇలా ఇవ్వు."

అక్క దిగింది. తాళం నా చేతిలో పెట్టింది. "నువ్వు నడుపు," అంది నాతో. ఆయన నవ్వాడు. మొదటిరోజు కదా, సరదా అనుకున్నాడు. బుద్ధిగా వెనక సీట్లో కూర్చుని, దారంతా ఛార్జింగ్ ఎంత తగ్గుతోందో చెబుతూ నా తల తిన్నాడు. పట్టాల దగ్గరికి రాగానే నేను వంతెన వైపు తిప్పబోయాను.

"వద్దు," అంది అక్క. "కింద నుంచే పోనీ."

గేటు పడి ఉంది. బస్సుల మధ్య మా నీలం కారు కూడా ఆగింది. వెనక సీట్లో మనిషి మొదటిసారి నోరు మూసుకున్నాడు. రైలు వెళ్ళిపోయాక గేటు లేచింది.

ఇంటి కింద, గోడకున్న పెట్టె దగ్గర కారు పెట్టి తీగ తగిలించాను. అక్క తాళం తీసుకుని చేతిసంచిలో వేసి జిప్పు లాగేసింది.

ఆ తాళం మళ్ళీ ఆయన చేతికి రాలేదు. బావ కారు ఆఫీసుకి తీసుకెళ్తానన్నాడు. "ఆగండి," అంది అక్క. ఆదివారం అలా తిరిగొద్దామన్నాడు. "ఆగండి." బ్యాటరీ పాడవుతుందే అని మొత్తుకున్నాడు. చుట్టాలు అడుగుతున్నారన్నాడు. అక్క గొంతు పెంచలేదు, పోట్లాడలేదు. అదే మాట అని, సూదిలోకి దారం ఎక్కించుకునేది. తాళం లాక్కోవచ్చు కదా అంటారేమో. మా బావకి అంత దమ్ము లేదు. ఓనరు ఒప్పుకోకుండా బండి తీయడం రూల్సుకి విరుద్ధమని ఆయనకే బాగా తెలుసు. లెక్కల మాస్టారు మాత్రం రోజూ తన కారు వేసుకుని వంతెన మీంచి స్కూలుకి వెళ్ళొచ్చి, మా పెట్టె ఖాళీగా లేదని గొణుక్కుంటాడు.

"ఎన్నాళ్ళే ఇలా?" అని అడిగాను అక్కని.

"చూద్దాం. వచ్చే బడ్జెట్లో ఏమైనా ఇస్తారేమో," అంది.

మొన్న సాయంత్రం వెళ్ళేసరికి అక్క కిందే ఉంది. రోజూ ఆ టైముకి కారులో కూర్చుంటుందట. డ్రైవరు సీట్లో, తలుపు మూసుకుని, అద్దాలు ఎక్కించుకుని, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ఉంది. కారు గోడకి ఎదురుగా ఉంది. గోడ మీద పచ్చలైటు మిణుకుమిణుకుమంటోంది. ఆ మనిషి ఆఫీసు నుంచి వచ్చి, చేతిలో టిఫిన్ డబ్బాతో కారు పక్కన నిలబడ్డాడు. ఆయన నిలబడ్డ వైపు అక్కకి ఏమీ కనిపించదు. వంగి అద్దం మీద వేలితో కొట్టాడు.

"ఏమే, ఎంతసేపు? ఆకలేస్తోంది. పైకి రా."

అక్క తల తిప్పలేదు. అద్దం వెనక దాని పెదవులు కదలడం మాత్రం నాకు కనిపించింది. ఏమందో ఆయనకి వినపడి ఉండదు, ఆ అద్దానికి చిల్లులు లేవు. అయినా అర్థమైనట్టుంది. టిఫిన్ డబ్బా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, అక్కడే నిలబడ్డాడు.